రెండు గుండెపోట్ల మధ్య పదిహేడేళ్లు

గుండెపోటు వచ్చి, గండం గడిచి, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్లు మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఉండే ఉంటారు. మొదటి ఆరు నెలలు వాళ్ల క్రమశిక్షణ చూస్తే ముచ్చటేస్తుంది. ఉప్పు తగ్గిస్తారు. తెల్లవారగానే నడకకు వెళతారు. సిగరెట్టు జోలికి పోరు. ఏడాది తిరిగేసరికి నడక వారానికి రెండు రోజులకు పడిపోతుంది. రెండేళ్లకు పోయిన బొజ్జ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మనసు గట్టిగా లేకపోతే ఇంతేనని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు.

మనసు గట్టిదనం ఒక్కటే సరిపోయేదైతే అమెరికా 36వ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఈ పోరులో ఓడిపోయేవారు కాదు. పట్టుదలలో ఆయనకు సాటివచ్చే రాజకీయ నాయకులు ఆ దేశంలోనే తక్కువ. పైగా అడిగిన క్షణంలో మేటి వైద్యులు పక్కన ఉండేవారు. అయినా మొదటి గుండెపోటు తర్వాత సాధించుకున్నదంతా చివరి నాలుగేళ్లలో చేజారిపోయింది. అలా ఎందుకు జరిగిందో ఆనాటి వైద్యులు పూర్తిగా చెప్పలేకపోయారు. ఇప్పుడు చాలావరకు చెప్పొచ్చు. ఆ వివరం మీకూ పనికొస్తుంది.

తండ్రి నుంచి వచ్చిన భయం

జాన్సన్ 1908 ఆగస్టు 27న టెక్సాస్ రాష్ట్రంలో స్టోన్‌వాల్ దగ్గరి పల్లెలో పుట్టారు. తండ్రి సామ్ రాష్ట్ర శాసనసభ్యుడిగా పనిచేసిన మనిషి. వ్యవసాయంలో దెబ్బతిని అప్పులపాలయ్యారు. 1937లో, 60 ఏళ్ల వయసులో గుండెజబ్బుతోనే కన్నుమూశారు. కొడుకు అమెరికా కాంగ్రెస్‌కు మొదటిసారి ఎన్నికైంది కూడా ఆ ఏడాదే. తమ వంశంలో మగవాళ్లు ఎక్కువకాలం బతకరన్న భయం జాన్సన్‌ను ఆ తర్వాత జీవితాంతం వెంటాడింది.

భయం ఉన్నా జాగ్రత్త మాత్రం లేదు. పేద మెక్సికన్ పిల్లల బడిలో పంతులుగా మొదలైన మనిషి 1948లో సెనేట్‌కు ఎన్నికయ్యారు. 1955 జనవరిలో సెనేట్‌లో మెజారిటీ పార్టీ నాయకుడయ్యారు. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు. పొద్దున్నే మొదలయ్యే పని అర్ధరాత్రి దాకా సాగేది. రోజుకు మూడు పెట్టెలు, అంటే 60 సిగరెట్లు కాల్చేవారు. భోజనానికి వేళాపాళా లేదు. ఏది కనిపిస్తే అది, ఎంత ఉంటే అంత, గబగబా తినేవారు. పక్కవాళ్ల పళ్లెంలోంచి కూడా తీసుకుని తినేసేవారు. ఆరడుగుల మూడంగుళాలు దాటిన మనిషి కావడంతో పెరుగుతున్న బరువు చూసేవాళ్లకు అంతగా తెలిసేది కాదు. బొజ్జ మాత్రం పెరుగుతూనే ఉంది.

1955 జులై 2

ఆ రోజు వాషింగ్టన్ నుంచి వర్జీనియాలోని ఓ మిత్రుడి ఎస్టేటుకు కారులో బయల్దేరారు. దారిలో ఛాతీ పట్టేసినట్టయింది. తిన్నది అరగలేదనుకున్నారు. గుండెపోటును అజీర్ణమని పొరబడటం ఇప్పటికీ జరుగుతున్నదే. గ్యాస్ మాత్ర వేసుకుని పడుకుని తెల్లారేసరికి లేవనివాళ్ల గురించి మీరూ వినే ఉంటారు. జాన్సన్ అదృష్టం ఏమిటంటే, ఆ ఎస్టేటులో మరో సెనేటర్ ఉన్నారు. ఆయనకు అంతకుముందే గుండెపోటు వచ్చి ఉండటంతో జాన్సన్‌ను చూడగానే విషయం గ్రహించి వైద్యుడిని పిలిపించారు.

ఆ చిన్న ఊళ్లో శవాలను తరలించే బండినే అంబులెన్సుగానూ వాడేవారు. అందులోనే ఆయన్ను బెథెస్డా నౌకాదళ ఆసుపత్రికి చేర్చారు. దారిలో సిగరెట్టు అడిగారు. ఇక ముందు కాల్చడం కుదరదని వైద్యుడు చెప్పాల్సివచ్చింది. ఆసుపత్రికి చేరాక షాక్‌లోకి వెళ్లారు. బతికే అవకాశం సగానికి సగమేనని తేల్చారు. అంతటి స్థితిలోనూ భార్య లేడీ బర్డ్‌కు ఒక పని అప్పగించారు. దర్జీ దగ్గర కుడుతున్న రెండు సూట్లలో గోధుమరంగు దాన్ని వద్దని చెప్పాలి. నీలం సూటు ఉంచాలి. బతికినా పోయినా అది పనికొస్తుంది.

ఇప్పుడైతే గంటన్నర లోపు క్యాథ్‌ల్యాబ్‌లో పూడిక తెరిచి స్టెంట్ వేయాలని చూస్తారు. 1955లో అవేవీ లేవు. గుండె రక్తనాళాలను రంగు ఎక్కించి చూసే యాంజియోగ్రామ్ 1958లో మొదలైంది. బైపాస్ శస్త్రచికిత్సకు 1967లో ఒక స్థిరమైన పద్ధతి ఏర్పడింది. బెలూన్ యాంజియోప్లాస్టీ 1977లో వచ్చింది. జాన్సన్‌కు అందిన వైద్యమల్లా ఆక్సిజన్, నొప్పికి మార్ఫిన్, రక్తం గడ్డకట్టకుండా మందులు, వారాల తరబడి మంచం మీద విశ్రాంతి. ఐదు వారాలు ఆసుపత్రిలోనే ఉన్నారు.

గెలిచిన పద్నాలుగేళ్లు

బయటికొచ్చాక జాన్సన్ చేసింది మామూలు విషయం కాదు. అరవై సిగరెట్ల మనిషి ఒక్కసారిగా మానేశారు. పదిహేను కిలోలకు పైగా తగ్గారు. లేడీ బర్డ్ ప్రతి పూటా కేలరీలు లెక్కపెట్టేవారు. టెక్సాస్‌లోని రాంచ్‌లో ఈతకొలను కట్టించారు. సాయంత్రాలు నడిచేవారు. ఆయనకు ప్రాణప్రదమైన మాంసం కూర, చిల్లీ, కొవ్వు తీసేసి వండటం మొదలైంది. గుండెపోటు తనకు బతకడం నేర్పిందంటూ 1956లో ఒక పత్రికకు వ్యాసం కూడా రాశారు.

ఆ తర్వాత 1961లో ఉపాధ్యక్షుడు, 1963 నవంబరులో కెనెడీ హత్యతో అధ్యక్షుడు. శ్వేతసౌధంలో బరువు పెరుగుతూ తగ్గుతూ ఉండేది. చక్కెర లేని శీతల పానీయం తెప్పించుకోవడానికి తన బల్ల దగ్గర ప్రత్యేకంగా ఒక మీట పెట్టించుకున్నారు. సిగరెట్టు మాత్రం ముట్టలేదు.

1965 జులైలో ఆయన చేసిన రెండు సంతకాలు చూడండి. ఒకటి సిగరెట్టు పెట్టెల మీద హెచ్చరిక ముద్రించాలన్న చట్టం మీద. రెండోది 65 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా కల్పించే మెడికేర్ మీద. అదే ఏడాది అక్టోబరులో గుండెజబ్బులు, క్యాన్సర్, పక్షవాతాలపై ప్రాంతీయ వైద్య కేంద్రాలకు నిధులిచ్చే చట్టమూ తెచ్చారు. మన పెద్దవాళ్లకు ఆయన పేరు మరో రకంగా గుర్తుండొచ్చు. 1965-67 కరవు కాలంలో మన దేశానికి అమెరికా గోధుమలు ఎన్ని పంపాలో, ఎప్పుడు పంపాలో ఓడల లెక్కన స్వయంగా తేల్చింది ఈయనే.

పొట్టలోని కొవ్వు చేసే పని

జాన్సన్ తగ్గించుకున్న ఆ పదిహేను కిలోలు గుండెకు ఎందుకంత మేలు చేశాయి? అప్పట్లో కొవ్వంటే శరీరం దాచుకున్న ఇంధనమని, ఒంటిమీది మోతబరువని మాత్రమే అనుకునేవారు. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోను జన్యువును కనిపెట్టాక ఆ అభిప్రాయం మారిపోయింది. కొవ్వు కణాలే దాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతున్నాయి. అంటే థైరాయిడ్ లాగే కొవ్వు కూడా ఒక గ్రంథి. జాన్సన్ రక్తంలో ఈ హార్మోన్లను ఎవరూ కొలవలేదు. అలాంటివి ఉన్నాయనే అప్పటికి తెలియదు. గుండెపోటు వచ్చినవాళ్ల విషయంలో వీటిలో మూడింటి గురించి మీరు తెలుసుకోవాలి.

మొదటిది లెప్టిన్. నిల్వలు నిండాయి, ఇక తినడం ఆపమని మెదడుకు చెప్పడం దీని పని. కొవ్వు పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది. ఎప్పుడూ మోగే గంటను చెవి పట్టించుకోనట్టు, కొంతకాలానికి మెదడు ఈ కబురు వినడం మానేస్తుంది. ఆకలి తగ్గదు. కానీ పెరిగిన లెప్టిన్ రక్తపోటును పెంచే నరాలను ఉత్తేజపరుస్తూనే ఉంటుంది.

రెండోది అడిపోనెక్టిన్. ఇది మేలు చేసేది. ఇన్సులిన్ బాగా పనిచేసేలా చూస్తుంది, రక్తనాళాల గోడల్లో వాపును తగ్గిస్తుంది. కొవ్వు కణాల నుంచే వస్తున్నా, పొట్టలో కొవ్వు పెరిగేకొద్దీ ఇది తగ్గిపోవడమే విచిత్రం. పొగతాగేవాళ్లలోనూ తక్కువగా ఉంటుంది. మన దక్షిణాసియా వాళ్లలో పాశ్చాత్యుల కంటే సహజంగానే తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి.

మూడోది హార్మోను కాదుగానీ, కొవ్వు నుంచి కూడా ఎక్కువగా వచ్చే ప్రొటీన్. పేరు పీఏఐ-1. రక్తనాళంలో గడ్డ కడితే దాన్ని కరిగించుకునే ఏర్పాటు మన శరీరంలోనే ఉంది. ఆ ఏర్పాటుకు ఈ ప్రొటీన్ అడ్డుపడుతుంది. గుండెపోటంటే పూడిక మీద గడ్డకట్టడమే కాబట్టి ఇది ఎంత ప్రమాదమో ఊహించండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్లతో మనం బలపరిచేది కూడా ఈ సహజ ఏర్పాటునే. అంతేకాదు, స్టెంట్ వేశాక గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ వంటి మాత్ర స్థూలకాయుల్లో కొందరికి ఆశించినంతగా పనిచేయకపోవచ్చు.

పొట్ట తగ్గితే ఈ మూడూ మంచి వైపు తిరుగుతాయి. కాబట్టి గుండెపోటు తర్వాత నడుం తగ్గించుకోవడం అందం కోసం చేసే పని కాదు, చికిత్సలో భాగమే.

విమానంలో వెలిగిన సిగరెట్టు

1968 మార్చి 31న తాను మళ్లీ పోటీ చేయనని జాన్సన్ ప్రకటించి దేశాన్ని నివ్వెరపరిచారు. వియత్నాం యుద్ధం పెద్ద కారణమే. గుండె భయం కూడా దాని వెనుక ఉంది. తన ఆయుర్దాయం ఎంతో 1967లో రహస్యంగా లెక్క వేయించానని, 64 ఏళ్లని తేలిందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు.

1969 జనవరి 20న పదవి దిగి టెక్సాస్‌కు వెళ్లే విమానంలో సిగరెట్టు వెలిగించారు. పద్నాలుగేళ్ల తర్వాత అదే మొదటిది. కూతురు వద్దని లాక్కోబోయింది. పిల్లల్ని పెంచాను, అధ్యక్షుడిగా పనిచేశాను, ఇక ఈ కాలం నాదని ఆయన వాదన. పని ఒత్తిడి పోయింది, దాంతోపాటే దినచర్యా పోయింది. రాంచ్‌లో తిండి మీద అదుపు తప్పింది.

1970 మార్చిలో ఛాతీనొప్పితో శాన్ ఆంటోనియోలోని సైనిక ఆసుపత్రిలో చేరేనాటికి ఏడాదిలోనే 11 కిలోలు పెరిగి 107 కిలోలకు చేరారు. ఆయన ఎత్తుకు బీఎంఐ లెక్క వేస్తే సుమారు 29 వస్తుంది. పాశ్చాత్య లెక్కల్లో 30 దాటితేనే స్థూలకాయం. అంటే కాగితం మీద ఆయన స్థూలకాయుడే కాదు! భారతీయులకు ఆ గీత 25 దగ్గరే గీశారు. మీ రిపోర్టులో 27 ఉంటే ఫర్వాలేదులే అనుకోకండి.

ఆ తర్వాతి వేసవిలో నొప్పి మళ్లీ భయపెట్టింది. తిండి కడుపు మాడ్చి నెల తిరక్కుండానే ఏడు కిలోలు తగ్గారు. ఇలా వేగంగా తగ్గించుకున్న బరువు నిలవదు.

బరువు ఎందుకు తిరిగొస్తుంది?

జాన్సన్ మీద జాలి కలిగించే విషయం ఇదే. బరువు తగ్గినప్పుడు శరీరం దాన్ని విజయంగా చూడదు, కరవుగా చూస్తుంది. లెప్టిన్ పడిపోతుంది. కడుపులో పుట్టే ఆకలి హార్మోను గ్రెలిన్ పెరుగుతుంది. తిన్నాక తృప్తినిచ్చే పేగు హార్మోన్లు తగ్గుతాయి. ఆస్ట్రేలియాలో 50 మంది ఊబకాయులను పది వారాలు తక్కువ తిండిపై ఉంచి, ఏడాది గడిచాక మళ్లీ పరీక్షించారు. అప్పటికీ ఈ హార్మోన్లు పాత స్థితికి రాలేదు. ఆకలీ తగ్గలేదు. 2011లో వెలువడిన అధ్యయనమిది.

కాబట్టి బరువు తగ్గిన మనిషి రోజూ మామూలు కంటే ఎక్కువ ఆకలితోనే పోరాడుతుంటాడు. జాన్సన్ ఆ పోరు పద్నాలుగేళ్లు చేశారు. చుట్టూ ఉన్న ఏర్పాటు, అంటే కేలరీలు లెక్కపెట్టే భార్య, వంటగది, వైద్యులు, పని, అన్నీ కలిసి ఆయన్ను నిలబెట్టాయి. ఆ ఏర్పాటు సడలగానే ఆకలి గెలిచింది. మీ ఇంట్లో గుండెపోటు నుంచి బయటపడ్డ మనిషికి మళ్లీ బొజ్జ వస్తుంటే, తిట్టడం కంటే ఆ ఏర్పాటు ఎక్కడ సడలిందో చూడండి.

శస్త్రచికిత్సకు అందని గుండె

1972 ఏప్రిల్‌లో వర్జీనియాలో కూతురి ఇంటికి వెళ్లినప్పుడు జాన్సన్‌కు మరో పెద్ద గుండెపోటు వచ్చింది. అక్కడ కోలుకున్నా, ఆ తర్వాత దాదాపు ప్రతి మధ్యాహ్నం నొప్పి వచ్చేది. మంచం పక్కన ఆక్సిజన్ సిలిండర్ ఉండేది. సిగరెట్టు మాత్రం మానలేదు. పథ్యం కొన్నాళ్లు సాగేది, కొన్నాళ్లు ఆగేది.

అప్పటికి బైపాస్ శస్త్రచికిత్స వచ్చేసింది. హ్యూస్టన్‌లో ప్రపంచ ప్రసిద్ధి పొందిన గుండె శస్త్రవైద్యుడు మైఖేల్ డిబేకీ ఆయన్ను పరీక్షించారు. రెండు ధమనులకు బైపాస్ అత్యవసరం. కానీ గుండె కండరం ఎంతగా పాడైందంటే, కత్తి పెడితే తట్టుకోలేదు. 1955లో చికిత్సే లేదు. 1972లో చికిత్స ఉంది, దాన్ని అందుకునే స్థితిలో గుండె లేదు.

1972 డిసెంబరులో ఆస్టిన్‌లోని తన గ్రంథాలయంలో పౌరహక్కులపై జరిగిన సభకు వైద్యులు వద్దన్నా వెళ్లారు. వేదికపైనే నొప్పి రావడంతో నైట్రోగ్లిజరిన్ మాత్ర వేసుకుని ప్రసంగం పూర్తిచేశారు. 1973 జనవరి 22 మధ్యాహ్నం రాంచ్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు రక్షణ సిబ్బందికి ఫోన్ చేశారు. వాళ్లు పరుగున వచ్చేసరికే పడిపోయి ఉన్నారు. వయసు 64. తాను తెచ్చిన మెడికేర్‌కు అర్హత రావాలంటే ఇంకో ఏడు నెలలు బతకాల్సింది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నవి

జాన్సన్‌కు లేనివి మీకు చాలా ఉన్నాయి. స్టెంట్, బైపాస్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు, రక్తపోటు మందులు. వీటికి ఇటీవల హార్మోను మందు తోడైంది. తిన్నాక పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1ను పోలిన సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌ను, బరువు ఎక్కువుండి గుండెజబ్బో పక్షవాతమో ఉన్న, మధుమేహం లేని 17,604 మందిపై పరీక్షించారు. 2023లో ఫలితాలొచ్చాయి. గుండెజబ్బుతో మరణం, గుండెపోటు, పక్షవాతం, ఈ మూడూ కలిపి చూస్తే ఐదో వంతు తగ్గాయి. ఈ మందు ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతోంది.

అయితే రెండు జాగ్రత్తలు. గుండెపోటు వచ్చి రెండు నెలలు కూడా కాని వాళ్లను ఆ పరీక్షలో చేర్చుకోలేదు. కాబట్టి ఎప్పుడు మొదలుపెట్టాలో, అసలు మీకు సరిపడుతుందో లేదో మీ గుండె వైద్యులే తేల్చాలి. రెండోది, ఇంజెక్షన్ ఆపేస్తే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలో తిరిగొచ్చిందని మరో అధ్యయనం తేల్చింది. జాన్సన్‌ను ఓడించిన ఆకలే అది.

కాస్త లావుగా ఉన్నవాళ్లే గుండెపోటు తర్వాత ఎక్కువకాలం బతుకుతారన్న మాట కూడా మీరు వినే ఉంటారు. కొన్ని అధ్యయనాల్లో అలా కనిపించిన మాట నిజమే. కానీ అవి చూసింది బరువునే. లావుగా ఉన్నవాళ్లకు గుండెపోటు చిన్నవయసులో వస్తుంది. సన్నగా ఉన్నవాళ్లలో కొందరు వేరే జబ్బులతో చిక్కిపోయినవాళ్లు. బరువు బదులు నడుం కొలత చూస్తే ఆ లాభం కనిపించదు. పొట్ట ఉన్నవాళ్లకే ముప్పు ఎక్కువ.

లెప్టిన్, అడిపోనెక్టిన్ పరీక్షలు చేయించుకోవాలని పరుగెత్తకండి. గుండె బాగా బలహీనపడ్డవాళ్లలో మంచిదైన అడిపోనెక్టిన్ కూడా పెరిగి కనిపిస్తుంది. ఆ అంకెను బట్టి చికిత్స మార్చే పద్ధతి ఇంకా లేదు. వాటికి బదులు ఇంట్లో ఉన్న టేపు చాలు. బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. బరువు వేగంగా కాదు, నెమ్మదిగా తగ్గించండి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తపోటు, చక్కెర మెరుగుపడతాయి. కండ కరిగిపోకుండా పప్పు, గుడ్డు, పెరుగు, చేప వంటివి ఉండాలి. నడకతో పాటు, డాక్టర్ ఒప్పుకొంటే, కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి. కార్డియాక్ రీహ్యాబ్ అనే పునరావాస శిక్షణ మీ ఆసుపత్రిలో ఉంటే తప్పక చేరండి. స్టెంట్ మందులు ఒక్క రోజు కూడా సొంతంగా మానొద్దు. పొగాకు ఏ రూపంలోనూ వద్దు, పదేళ్ల తర్వాత అయినా సరే.

డిశ్చార్జి కాగితంలో స్టెంట్ ఏ ధమనిలో వేశారో, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రాసి ఉంటుంది. దాని వెనుక ఇవాళ్టి తేదీ, మీ నడుం కొలత రాసిపెట్టుకోండి. నెలకోసారి కింద ఇంకో అంకె చేర్చండి. తర్వాతి చెకప్‌కు ఆ కాగితం పట్టుకెళ్లి, మొదటి ఏడాది దాటాక దీన్ని ఎలా నిలబెట్టుకోవాలో డాక్టర్‌ను అడగండి. నాలుగేళ్ల తర్వాత కూడా అదే ప్రశ్న అడగండి.